కింది వీధికి కంటి పరీక్షలు

పోయిన వారం మైకమ్మను పెద్దసారు గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాం. ఇంకా అక్కడే ఉంది. మంచినీళ్లు కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఈ కథలో మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం పొద్దున జరిగింది మళ్లీ చెప్పాలి. ఎగువన వానలు తెరిపివ్వలేదు. జలాశయం అంచుదాకా నిండింది. సాయంత్రం గేట్లు ఎత్తుతాం, నది ఒడ్డున ఉన్న కింది వీధిని ఖాళీ చేయించండి అని నీటి శాఖ ఉత్తర్వు పంపింది. ఆ ఊళ్లో ప్రభుత్వం ఏ కబురు చెప్పాలన్నా మైకు బండి ఎక్కి చెప్పేది మైకమ్మే. ఆమె గొంతు పోయేలా అరిచి సగం వీధిని గుట్ట మీది బడికి ఎక్కించింది. అంతలో నాయకుడు టీవీలో కనిపించాడు. "నేనుండగా ఒక్క గేటు ఎత్తరు. కింది వీధిలో ఒక్క గడప తడవదు. ఎవరో గిట్టనివాళ్లు పుకార్లు పుట్టిస్తున్నారు, వాళ్ల సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ఎక్కినవాళ్లలో ఏ నలుగురో తప్ప అంతా మూటలతో సహా దిగిపోయారు. దిగుతూ దిగుతూ మైకమ్మ మొహం మీదే నవ్వారు. ఉత్తర్వు పంపింది ఆయన శాఖ. చదివి వినిపించమన్నది ఆయన అధికారి, ఈ పెద్దసారే. పుకార్లు పుట్టించిన గిట్టనివాళ్లు మాత్రం మైకమ్మ ఒక్కతే!

తలుపు తెరుచుకుంది. "రమ్మంటున్నారు" అన్నాడు బంట్రోతు.

పెద్దసారు బల్ల మీద అన్నం డబ్బా మూత తీసి ఉంది, ముద్ద కదల్లేదు. గోడకు టీవీ నడుస్తోంది. శబ్దం పూర్తిగా తగ్గించేశాడు. అందులో నాయకుడి పెదాలు కదులుతున్నాయి, వేలు లేస్తోంది, దిగుతోంది. పొద్దుటి మాటే తిప్పి తిప్పి వేస్తున్నారు.

"కూర్చోమ్మా."

ఆమె కూర్చోలేదు. "గేట్లు ఎత్తుతున్నారా లేదా సార్? ఆ ఒక్క ముక్క చెప్పండి."

"ఎత్తుతున్నారు."

"ఎత్తరని ఆయన అంటున్నాడు కదా."

"అంటున్నాడు."

"మీకు పైవాడే కదా సార్ ఆయన. ఫోన్ చేసి చెప్పొచ్చుగా?"

"చెప్పానమ్మా. నేనూ చెప్పాను, నీటి శాఖవాళ్లూ చెప్పారు. అంతా విన్నాడు. టీవీలో అనేశాక వెనక్కి తీసుకుంటే పరువేం కావాలన్నాడు. ఆ ఆనకట్ట ఎత్తు పెంచి రిబ్బను కత్తిరించింది ఆయనే. కింది వీధి మునుగుతుందని ఎదుటి పార్టీవాళ్లు అప్పుడే మొత్తుకున్నారు. ఇప్పుడు వీధి ఖాళీ చేయించాడనుకో, వాళ్లు చెప్పిందే నిజమైనట్టు. అందుకని ఎత్తకుండా ఏదో ఒక దారి చూడమన్నాడు."

"ఉందా దారి?"

"లేదు. ఎత్తకపోతే కట్ట తెగుతుంది. తెగితే కింది వీధి ఒక్కటే కాదు, గుట్ట తప్ప ఊరంతా పోతుంది."

"అయితే శాఖ ఎత్తుతుంది. ఆయన ఎత్తరంటాడు. మధ్యలో మీరేమంటారు సార్?"

పెద్దసారు అన్నం డబ్బాకు మూత పెట్టాడు. "నేనేమీ అనకూడదు. ఖాళీ చేయండని ఇంకోసారి చాటిస్తే ఆయన అబద్ధమాడాడని మా ఆఫీసే దండోరా వేసినట్టు. అందుకని వేరే రకంగా ఆలోచించాం." కాగితమేమీ తియ్యలేదు, నోటితోనే చెప్పాడు. "గుట్ట మీది బడిలో ఈ సాయంత్రం ఉచిత కంటి పరీక్షలు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, ఇంటిల్లిపాదీ రావాలి. కళ్లద్దాలు ఊరికే ఇస్తారు. రాత్రి భోజనం, పడక అక్కడే. ఇలా చెప్పు. అందరూ ఎక్కేస్తారు. ఎవరి మాటా పోదు."



"కళ్ల డాక్టరు ఉన్నాడా సార్?"

"లేడు."

"కళ్లద్దాలు?"

పెద్దసారు కిటికీ వైపు చూశాడు.

చూడండి ఎలా ఉందో! నాయకుడు ఒక అబద్ధమాడాడు. దాన్ని అబద్ధమనే దమ్ము లేక ఆయన కింద పనిచేసే పెద్ద పెద్ద చదువుల వాళ్లంతా తలుపులేసుకుని కూర్చుని ఇంకో అబద్ధం కుట్టారు. జనం ప్రాణాలు కాపాడ్డానికే కుట్టారు, ఆ మాట కాదనను. కానీ నిజం చెప్పి కాపాడదామని ఆ గదిలో ఒక్కడికీ తోచలేదు. తోచినవాడు నోరు మూసుకున్నాడు.

"సార్, వాళ్లు రారు" అంది మైకమ్మ.

"ఎందుకు రారు? ఊరికే కదా!"

"ఊరికే కాబట్టే రారు. మొన్న బీపీ పరీక్షలని లారీలెక్కించి తీసుకెళ్లి ఆయన సభలో కూర్చోబెట్టారు. ఇస్త్రీ అక్క ఎండకు అక్కడే పడిపోయింది. అంతకుముందు దుప్పట్లు ఇస్తామని పిలిచారు. అదీ సభే. పరీక్షలంటే సభ అని మా వీధిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఉన్నదున్నట్టు చెప్తాను సార్. నా ఉద్యోగం పోతే పోనీ."

"నీదీ పోతుంది, నాదీ పోతుంది. సరే, పోనీ. ఆ తర్వాత? గంటలో ఇంకో మైకు బండి దింపుతారు. ఏ భయమూ లేదు, తలుపులేసుకుని పడుకోండని చాటిస్తారు. అదైతే నీకు సమ్మతమా?"

మైకమ్మ వెనక్కి తిరిగి తలుపు వైపు నడిచింది. అధికారుల దగ్గర ఇలాంటి ప్రశ్నలు ఎప్పుడూ తయారుగా ఉంటాయి. నువ్వు ఎటు తిరిగినా తప్పు నీదే అవుతుంది.

బండిలో డ్రైవరు బీడీ ఆర్పి చూశాడు. "ఏమన్నాడమ్మాయ్?"

"కళ్లు చూస్తారంట బాబాయ్."

"ఎవరి కళ్లు?"

"మనందరివీ. పోనీ బండి."

దారిలో అన్నకు ఫోన్ చేసింది. అన్న ఆనకట్ట మీద గేట్లు లేపే మోటార్ల దగ్గర పనివాడు. అక్కడి హోరుకు అరిస్తే తప్ప మాట వినపడదు.

"ఏంటన్నా అక్కడ?"

"ఏం చెప్పను చెల్లీ. ఈ చెవిలో ఇంజనీరు ఎత్తరా ఎత్తరా అంటాడు. ఆ చెవిలో ఆయన మనిషెవడో ఫోన్ చేసి, ఎత్తావంటే చేతులు విరిచేస్తానంటాడు. నీళ్లు ఎవరి మాటా వినట్లేదు. కట్ట అదురుతోంది, కాళ్ల కింద తెలుస్తోంది నాకు."

"ఎంతసేపు ఆపగలవు?"

"చీకటి పడేదాకా చూస్తా. అయినా కింద మీరందరూ ఉండగా నా చేత్తో మీట ఎలా నొక్కమంటావే? మీ అత్తను కదిలించావా? వీధి ఖాళీ అయిందా? అది చెప్పు ముందు. కాకపోతే నేను నొక్కను. తెగితే తెగనీ."

అన్న మొండితనం ఆమెకు తెలుసు. నొక్కనంటే నొక్కడు. కట్టతోపాటు వాడూ పోతాడు.

"అయిపోతోందన్నా. అందరూ ఎక్కుతున్నారు" అంది.

డ్రైవరు ఆమె వైపు చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.

కింది వీధికి దిగే సందు ఇరుకు. మైకు బండి రెండు పక్కలా గోడలు రాసుకుంటూ దిగింది. మైకమ్మ గొంతు సవరించుకుంది. ఉచిత కంటి పరీక్షలు, కళ్లద్దాలు, భోజనం, పడక. పొద్దున అరిచిన గొంతు, పగిలి వినపడుతోంది.

దర్జీ మిషను ఆపి గుమ్మంలోకి వచ్చాడు. "మైకమ్మా! పొద్దున నీళ్లొస్తున్నాయన్నావు, ఇప్పుడు కళ్లు చూస్తారంటున్నావు. పొద్దుగూకేలోపు సంబంధాలు కూడా చూస్తారా? మా తమ్ముడున్నాడు."

వీధంతా గొల్లుమంది.

కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్న ఇస్త్రీ అక్క తలెత్తకుండానే అంది. "సభకు జనం తక్కువయ్యారని చెప్పవే తల్లీ. ఈ కళ్ల నాటకం ఎందుకు?"

"నా కళ్లు భేషుగ్గా ఉన్నాయి. బండి మీద రాసినది ఇక్కణ్ణుంచే చదువుతా, వింటావా?" అన్నాడు అరుగు మీది ముసలాయన.

"మళ్లీ ఎండలో కూర్చోబెట్టి జేజేలు కొట్టిస్తారా? మేం రాం. మీ నాయకుడే చెప్పాడు కదా, గడప తడవదని. గడప దగ్గరే ఉంటాం" అని ఇంకో గుమ్మంలోంచి అరిచారు.

ఒక్క తలుపు మూయలేదు, ఒక్క మూట కట్టలేదు. పొద్దున భయపడి ఎక్కినందుకు ఒకర్నొకరు ఎగతాళి చేసుకుంటున్నారు. అబద్ధాలు చెప్పీ చెప్పీ ఈ జనానికి ఒక తెలివి అబ్బింది. ప్రభుత్వం రమ్మంటే పోకూడదు. ఆ తెలివి ఇన్నాళ్లూ వాళ్లను ఎండలనుంచి, లారీలనుంచి కాపాడింది. ఇవాళ అదే వాళ్లను ముంచబోతోంది.

బండిని అక్కడే ఉంచమని మైకమ్మ కిందికి నడిచింది. వీధిలో అన్నిటికంటే దిగువన, నదికి దగ్గరగా ఉన్న ఇల్లు ఆమెది. మొగుడు పోయాక అత్తా కోడళ్లిద్దరే ఉంటున్నారు, పోట్లాడుకుంటూ. అత్త తుంటి విరిగి ఏడాదైంది. ఆపరేషనయ్యాక గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది, అంతే.

"ఏమే, ఊరందరి కళ్లూ చూడటమైందా? నా మాత్ర ఇచ్చి పో."

"అత్తా, లే. బాబాయ్‌ని పిలుస్తా, ఇద్దరం ఎత్తి బండిలో కూర్చోబెడతాం."

"నేను రానే. ఈ వయసులో కళ్లద్దాలు పెట్టుకుని ఎవర్ని చూడాలి, నిన్నా?"

మైకమ్మ ఆమె పక్కన మంచం మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. "అత్తా, కళ్లూ లేవు, డాక్టరూ లేడు. ఆ మాట వదిలెయ్. చీకటి పడేసరికి గేట్లు ఎత్తుతున్నారు. నీళ్లొస్తున్నాయి. ఒట్టు."

ముసలమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"అయితే మైకులో ఎందుకు చెప్పలేదు?"

మైకమ్మ మాత్ర తీసి ఆమె చేతిలో పెట్టింది.

"చూశావా! ఇంట్లో ఒకటి, బండి మీద ఒకటి. నిన్నెలా నమ్మనే? గడప తడవదన్న ఆ మనిషి నా తుంటికి ఆపరేషన్ చేయించాడు. నువ్వూ నీ అన్నా పైసా లేక చేతులు ముడుచుకు కూర్చుంటే, ఆయన ఇచ్చిన కార్డు చూపిస్తే పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. నన్ను నడిపించినవాడు నన్ను ముంచుతాడా? ఏం మాటలే అవి?"

"ముంచాలని కాదు అత్తా. తనన్న మాట తప్పని ఒప్పుకోలేక..."

"పో. పని చూసుకో. టీవీ పెట్టి పో."

మైకమ్మ టీవీ పెట్టింది. ఆ పని చేసినందుకు తర్వాత ఆమె ఎంత ఏడ్చిందో ముందు ముందు చూస్తారు. అప్పుడు మాత్రం ఆమె మనసులో ఒక్కటే ఉంది. పైకి పోయి, మైకు పట్టుకుని, నిజం చెప్పెయ్యాలి. తిడితే తిట్టనీ, ఉద్యోగం పీకితే పీకనీ.

ఆమె సగం వీధి ఎక్కేసరికి సందు మొదట్లో హారన్లు మోగాయి. ఒకదాని వెనక ఒకటి పెద్ద కార్లు దిగాయి. సందు పొడవునా కార్లే. తలుపులు తెరవడానికి చోటు లేక మనుషులు పక్కవాటుగా, గోడలకు వీపులు రాస్తూ బయటికొచ్చారు. కెమెరాలు పట్టుకున్నవాళ్లు ముందు దిగారు. తర్వాత చొక్కా చేతులు మడుచుకుంటూ నాయకుడు దిగాడు.

వీధి వీధంతా ఉరికింది. గుట్ట మీద మిగిలిపోయిన నలుగురు మనుషులు కూడా ఆయన్ను చూద్దామని కిందికి దిగిపోయారు.

పెద్దసారు గుంపులోంచి దారి చేసుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. "నేనెళ్లి ఆ వీధిలో కూర్చుంటా, అప్పుడు గేటెత్తే మొనగాడెవడో చూస్తా అని బయల్దేరాడమ్మా. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆగలేదు."

"ఆయనిక్కడున్నాడని ఆనకట్ట మీదకి కబురెళ్లిందా?"

"ఫోన్లు కలవట్లేదు. జీపు పంపాను."

దర్జీ తన కుర్చీ తెచ్చి వీధి మధ్యలో వేశాడు. నాయకుడు కూర్చున్నాడు. ఎవరో టీ ఇచ్చారు. ఒక గుక్క తాగి కెమెరాల వైపు గ్లాసు ఎత్తి చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఏం మనిషండీ! తన శాఖ మాట తను వినడు. తన మాట వినని శాఖను ఆపడానికి జనం మధ్యకొచ్చి కూర్చుంటాడు. ఆయన చుట్టూ ఉన్న ప్రతి మనిషీ ఆయనకు అడ్డం పెట్టుకున్న గోడే. ఆ సంగతి తెలియక వాళ్లు చప్పట్లు కొడుతున్నారు.

"పొద్దున వీళ్లను హడలగొట్టింది నువ్వేనా అమ్మా?" నవ్వుతూనే అడిగాడు.

"మీ ఆఫీసు చెప్పమంటే చెప్పాను సార్."

"నా ఆఫీసు నేను చెప్పిందే చెప్పాలి." పెద్దసారు వైపు ఒక చూపు విసిరాడు. "పోనీలే. నీ గొంతంటే వీళ్లకు గురి అంట. ఆ గొంతుతోనే చెప్పెయ్. ఏ భయమూ లేదు, గేట్లు ఎత్తట్లేదు అను. చాలు." బండి మీది మైకు తెప్పించి, మీట నొక్కి, ఆమె చేతిలో పెట్టాడు.

ఇందాక ఆమె మాట వినని వీధి, ఇప్పుడు ఒళ్లంతా చెవులు చేసుకుంది.

"గేట్లు ఎత్తేవాడు మా అన్నే సార్" అంది మైకమ్మ. "వాణ్ణే అడుగుతాను. మీరూ వినండి."

రెండుసార్లు కలవలేదు. మూడోసారి కలిసింది. ఫోనును మైకుకు ఆనించింది.

"అన్నా, ఆయన ఇక్కడే ఉన్నాడు. వీధంతా ఇక్కడే ఉంది. నువ్వు..."

హోరులో అన్నకు సగం మాటలు వినపడలేదు. వాడి గొంతు మాత్రం బండి మీది స్పీకర్లలోంచి వీధి పైనుంచి కిందిదాకా ఖంగున మోగింది.

"చెల్లీ! అందరూ ఎక్కుతున్నారన్నావు కదా. ఇంక చీకటిదాకా ఎందుకని ఎత్తేశానే! అన్ని గేట్లూ ఎత్తేశా. చాలాసేపైంది, ఫోన్ చేస్తే నీకు కలవలా. కట్ట నిలబడింది చెల్లీ, ఊరు బతికిపోయింది! అత్త జాగ్రత్తగా ఎక్కిందా? చెల్లీ? వింటున్నావా?"

మైకమ్మ ఫోను దించింది. ఆ మాట చెప్పింది తనే. వాడి చేత మీట నొక్కించింది తనే.

అప్పటికీ జనం కదల్లేదు. కదలకపోవడం వాళ్ల తప్పు కాదు. పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట, ఇదింకొకటి. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఇదీ నాటకమేనేమో" అన్నాడు దర్జీ, కానీ వాడు నవ్వలేదు. తర్వాత అందరూ నాయకుడి వైపు చూశారు.

ఆయన కుర్చీలోంచి లేచాడు. పెద్దసారు మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు. మైకు ఇంకా నడుస్తోంది.

"ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుంది?"

ఆ గుసగుస స్పీకర్లలోంచి వీధంతా వినిపించింది. ఆ రోజంతటిలో కింది వీధి వీధంతా నమ్మిన మొదటి నిజం అదే.

అరుపులు లేచాయి. దర్జీ మిషను వదిలేసి పరిగెత్తాడు. ఇస్త్రీ అక్క తోమిన గిన్నెలు కాళ్ల కింద దొర్లాయి. పైకి పోయే దారి ఒక్కటే, ఆ దారినిండా ఆయన కార్లే. ముందున్న డ్రైవర్లు వెనక్కి తీద్దామంటే వెనక కారు, దాని వెనక ఇంకో కారు. జనం బానెట్ల మీద పాకుతున్నారు. పిల్లల్ని పైకప్పుల మీదనుంచి అందిస్తున్నారు. నాయకుణ్ణి ఆయన మనుషులు చంకల్లో చేతులేసి ఎత్తి ఒక కారు మీదకి తోశారు. చెప్పొకటి ఊడి కిందనే పడిపోయింది.

మైకమ్మ కిందికి పరిగెత్తింది. ఎదురొచ్చేవాళ్లు ఆమెను గుద్దుకుంటున్నారు, పిచ్చా నీకు అని తిడుతున్నారు. వీధి పక్క మురుగు కాలువలో నీళ్లు ఎప్పుడూ నది వైపు పోతాయి. ఇప్పుడు నది వైపునుంచి పైకి వస్తున్నాయి, చెత్తను ముందు తోసుకుంటూ, తొందరేమీ లేనట్టు.

ఇంటి ముందుకొచ్చేసరికి అవి మడమలు దాటాయి.

తలుపు మూసి ఉంది. పైన జనం తొక్కిసలాట విని ముసలమ్మ గోడ పట్టుకుని వచ్చి లోపల గడియ పెట్టుకున్నట్టుంది.

"అత్తా! తలుపు తియ్! అత్తా!"

రెండు చేతులతో బాదింది. భుజంతో గుద్దింది. ముసలమ్మ చెవికి అందేలా లోపల టీవీ గొంతు పూర్తిగా పెంచి ఉంది. అందులో ఆయన మాట్లాడుతున్నాడు. నేనుండగా ఒక్క గేటు ఎత్తరు. కింది వీధిలో ఒక్క గడప తడవదు. ఆ మాట అయ్యాక చప్పట్లు, మళ్లీ మొదటినుంచి అదే మాట.

"అత్తా, నీకు దణ్ణం పెడతా, తలుపు తియ్!"

గడప మీదనుంచి నీళ్లు లోపలికి దిగుతున్నాయి. ఆమె తలుపు బాదుతూనే ఉంది. లోపల ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.